స్నానం నీళ్లతో టాయిలెట్ ఫ్లష్: 500 లీటర్ల డ్రమ్ము పెడదామనుకుంటున్నా, ఎవరైనా చేశారా?

#1 నీటిచుక్క

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నా, రాయడం మాత్రం ఇదే మొదలు.

ఇంట్లో నలుగురం. పొద్దున నలుగురి స్నానాలూ అయ్యేసరికి బకెట్ల కొద్దీ సబ్బునీళ్లు గొట్టంలోకి పోతాయి. పది నిమిషాలు తిరక్కుండా శుభ్రమైన ట్యాంకు నీళ్లు కమోడ్‌లోకి గుమ్మరిస్తాం. ఇది నాకు ఒక పట్టాన మింగుడుపడటం లేదు.

నా ప్లాన్ ఇదీ: మేడ మీద బాత్రూమ్ ఉంది, దాని కిందే టాయిలెట్ ఉంది. పై బాత్రూమ్ అవుట్‌లెట్ కింద, గోడకి ఆనించి ఒక 500 లీటర్ల డ్రమ్ము. బట్టల మెషిన్ గొట్టం కూడా అందులోకే. అక్కడి నుంచి చిన్న మోటార్‌తో ఫ్లష్ ట్యాంకుకి. కంపు కొడుతుందా? ఫ్లష్ ట్యాంకు లోపలి సామాను పాడవుతుందా? చేసినవాళ్లు చెప్పండి.

#2 బకెట్_బ్యాచ్

మూడేళ్లుగా చేస్తున్నా. డ్రమ్మూ లేదు, మోటారూ లేదు. రెండు బకెట్లు.

స్నానం చేసేటప్పుడు ఒక వెడల్పాటి తొట్టిలో నిలబడతాను. వేడినీళ్లు వచ్చేదాకా పోయే చల్లనీళ్లు ఇంకో బకెట్‌లోకి. మెషిన్ నుంచి మొదటి నీళ్లు వదిలేసి, జాడించిన నీళ్లు మాత్రమే పట్టుకుంటా. వాటిలో సబ్బు తక్కువ, మురికీ తక్కువ.

బకెట్‌తో ఫ్లష్ చెయ్యడం కూడా ఒక విద్యే. చాలామంది మెల్లగా పోస్తారు. అలా పోస్తే ఎన్ని నీళ్లు పోసినా పక్కనుంచి జారిపోతాయి తప్ప ఉన్నది కదలదు. 6, 7 లీటర్లు ఒక్క ఊపులో, గిన్నె మధ్యలోకి, మోకాలి ఎత్తు నుంచి పొయ్యాలి. అప్పుడు కింద వంపులో నీరు నిండి ఒక్కసారి లాగేస్తుంది, గుటక్‌మని శబ్దం వస్తుంది. ఆ తర్వాత ఇంకో మగ్గు నీళ్లు నిదానంగా పొయ్యండి. వంపులో నీరు నిలబడకపోతే గొట్టంలోని వాసన ఇంట్లోకి వస్తుంది. మామూలు ఫ్లష్‌లో ఆ పని ట్యాంకు లోపల ఉండే సన్నపైపు చేసిపెడుతుంది, బకెట్‌కి అది ఉండదు కదా.

#3 పైపులోడు

500 లీటర్లా? ఎందుకండీ?

ముందు లెక్క వేసుకోండి. మీది 6/3 లీటర్ల డబుల్ బటన్ ఫ్లష్ అనుకుందాం. మనిషికి రోజుకి ఒక పెద్ద బటన్, నాలుగు చిన్న బటన్లు. 6 + 12 = 18 లీటర్లు. నలుగురికి 72. అందరూ ఇంట్లోనే ఉన్న రోజు 90 అనుకోండి. స్నానం మనిషికి 50 లీటర్లేసుకున్నా 200 లీటర్లు వస్తాయి. అంటే మీకు వచ్చేది ఎక్కువ, వాడేది తక్కువ. 500 లీటర్ల డ్రమ్ము నింపి పెడితే అది ఖాళీ అవ్వడానికి వారం పడుతుంది. ఈలోపు అది డ్రమ్ము కాదు, మురుగుగుంట.

వాడకాన్ని చూసి సైజు పెట్టుకోవాలి, వచ్చే నీళ్లని చూసి కాదు. 80, 100 లీటర్లు చాలు. మిగతావి ఓవర్‌ఫ్లోలో పోనివ్వండి. బాధపడకండి, ఇంతకు ముందూ అలాగే పోయేవి.

ఇరవై రెండేళ్లుగా పైపు పని చేస్తున్నా. ఇలాంటివి బిగించినవి తక్కువ, పీకేసినవి ఎక్కువ. పీకేసిన వాటిలో చాలావాటికి ఒకటే జబ్బు: అవసరానికి మించిన ట్యాంకు.

#4 అనుమానాల_రావు

నాకు అర్థం కానిది ఒకటి. ఫ్లష్ ట్యాంకులో చప్పుడు లేకుండా కారిపోయే నీళ్ల గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరు? అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే లెక్క ప్రకారం, బాగా కారే టాయిలెట్ ఒక్కటే రోజుకి దాదాపు 750 లీటర్లు మింగేస్తుంది. మీరు డ్రమ్ములూ మోటార్లూ పెట్టి ఆదా చేసేది 72. పదో వంతు కూడా కాదు.

ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల రంగు కలపండి. పావుగంట ఎవరూ ఫ్లష్ చెయ్యకండి. గిన్నెలోకి రంగు దిగిందంటే లీకు ఉన్నట్టే. ఒక రబ్బరు వాషర్ మారిస్తే పోయేదానికి ఈ భాగోతం ఎందుకు?

ఇంకోటి, పాత కమోడ్‌లు ఒక్కో ఫ్లష్‌కి 9 నుంచి 13 లీటర్లు తాగుతాయి. అమెరికాలో 1992 చట్టం వచ్చాక, 1994 నుంచి కొత్త వాటికి 6 లీటర్లే గరిష్ఠం. మీది పాతదైతే ముందు అది మార్చండి.

#5 నీటిచుక్క

రావుగారూ, రంగు పరీక్ష ఇప్పుడే చేశా. కింది టాయిలెట్ బాగుంది. పైదానిలో రంగు దిగింది. మీకు దండం.

కానీ లీకు ఆపినా ఆ 72 లీటర్లు మంచినీళ్లే కదండీ?

#6 అనుమానాల_రావు

సరే, అది ఒప్పుకుంటా. అయితే ఒళ్లు కడిగిన నీళ్లు గంటల తరబడి ఇంట్లో నిలబెట్టి, మళ్లీ ఫ్లష్‌తో తుంపరలుగా గాల్లోకి ఎగరేస్తారా? ఇది మంచిదేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

#7 ల్యాబ్_కోటు

నీటి పరీక్షలు నా ఉద్యోగం కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

స్నానం నీళ్లు చూడ్డానికి తేటగా ఉండొచ్చు. అందులో సబ్బు, చర్మం మీది నూనె, వెంట్రుకలు, చెమట ఉంటాయి. మలం నుంచి వచ్చే సూక్ష్మజీవులు కూడా కొద్దిగా ఉంటాయి, స్నానం చేసేది ఒళ్లంతా కదా. అప్పుడే పట్టిన నీళ్లలో అవి తక్కువే. కథ మొదలయ్యేది నిలవ ఉంచాకే. నీరు గోరువెచ్చగా ఉంటుంది, తినడానికి సరుకు ఉంటుంది. సూక్ష్మజీవులు తింటూ పెరుగుతూ నీళ్లలో ఉన్న ఆక్సిజన్ అంతా వాడేస్తాయి. అది అయిపోయాక ఇంకో జాతి పైకి వస్తుంది. వాటికి ఆక్సిజన్ అక్కర్లేదు, సల్ఫేట్ చాలు. బట్టల పొడిలో సోడియం సల్ఫేట్ ఎలాగూ ఉంటుంది. దాన్నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అదే కుళ్లిన గుడ్డు కంపు.

అందుకే శుద్ధి చెయ్యని వాడకపు నీళ్లు 24 గంటలు మించి ఉంచకూడదని చాలా మార్గదర్శకాల్లో రాసి ఉంటుంది. పైపులోడుగారు చెప్పిన చిన్న డ్రమ్ము మాటకి నేను పూర్తిగా ఓటేస్తున్నా. మన శత్రువు మురికి కంటే ముందు ఆలస్యం.

రావుగారి తుంపరల భయం ఉత్తదేం కాదు. మూత వేసి ఫ్లష్ చెయ్యండి, చాలావరకు తగ్గుతుంది. అయినా గిన్నెలో అప్పటికే ఉన్నది స్నానం నీళ్ల కన్నా ఘోరమైనది కదా సార్!

కలపకూడనివి: వంటింటి సింకు నీళ్లు (జిడ్డు, తిండి ముక్కలు, అన్నిటికన్నా వేగంగా కుళ్లేది అదే). పసిపిల్లల లంగోటాలు ఉతికిన నీళ్లు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలో, అంటువ్యాధో ఉంటే ఆ రోజుల్లో అసలు పట్టకండి, నేరుగా డ్రైనేజీకి వదిలేయండి. జుట్టుకి రంగేసుకున్న రోజు కూడా.

#8 మూడో_అంతస్తు

మాది అద్దె ఇల్లు. పైపు ముట్టుకుంటే ఓనర్ ఊరుకోడు. బకెట్ పద్ధతే గతి. కాకపోతే అమ్మకి బకెట్ ఎత్తడం కష్టం.

#9 బకెట్_బ్యాచ్

@మూడో_అంతస్తు పెద్ద బకెట్ ఒకటి వద్దు, మూడు, నాలుగు లీటర్ల చిన్నవి రెండు పెట్టండి. మూత్రానికి ఒకటి చాలు. పెద్దవాళ్లని మాత్రం మొయ్యనివ్వకండి, తడి నేల మీద కాలు జారితే ఆదా చేసిన నీళ్లన్నీ కన్నీళ్లే.

ఇంట్లో పాకే పిల్లలుంటే నింపిన బకెట్ మూత లేకుండా ఒక్క నిమిషం కూడా వదలకండి. తలకిందులుగా పడితే వాళ్లంతట వాళ్లు పైకి లేవలేరు. మూత ఉంటే దోమలు కూడా గుడ్లు పెట్టవు.

#10 నీటిచుక్క

@ల్యాబ్_కోటు అయితే క్లోరిన్ బిళ్ల ఒకటి ఫ్లష్ ట్యాంకులో పడేస్తే సరిపోదా? దుకాణాల్లో నీలం బిళ్లలు కూడా ఉంటాయి కదా.

#11 పైపులోడు

అయ్యా వద్దు. ఆ బిళ్ల రాత్రంతా రబ్బరు పక్కనే కరుగుతూ ఉంటుంది. ఏడాది తిరక్కుండా అడుగు వాల్వు రబ్బరు మెత్తగా అయిపోయి, చేత్తో ముట్టుకుంటే నల్లగా కాటుకలా అంటుకుంటుంది. తర్వాత అదే లీకు, అదే రావుగారి 750 లీటర్లు.

#12 ల్యాబ్_కోటు

రబ్బరు సంగతి ఆయనకే తెలుసు. నావైపు నుంచి రెండు మాటలు. సబ్బు, నూనె ఉన్న నీళ్లలో క్లోరిన్ వేస్తే అది ముందు వాటి మీద ఖర్చయిపోతుంది, సూక్ష్మజీవుల దాకా మిగలదు. వేశాం కదా అనుకుంటే కాదు, చివర్లో ఎంత మిగిలిందో కొలిస్తేనే తెలుస్తుంది. యూవీ (అతినీలలోహిత కాంతి) దీపం కూడా అంతే. మసకనీళ్లలో వెలుతురు లోపలికి దిగదు. ముందు వడకట్టు, తర్వాత సూక్ష్మజీవుల చేత మురికి తినిపించడం, ఆ తర్వాతే క్లోరిన్ లేదా యూవీ.

ఇంకో ముఖ్యమైన మాట. క్లోరిన్ ఉన్న నీళ్ల మీద టాయిలెట్ కడిగే యాసిడ్ పొయ్యకండి. క్లోరిన్ వాయువు లేస్తుంది. ఇరుకు బాత్రూమ్‌లో అది చాలా ప్రమాదం.

పూర్తిగా శుద్ధి చేసే యంత్రాలు కూడా ఉన్నాయి. వాటికి ఎన్‌ఎస్‌ఎఫ్/ఆన్సీ 350 అనే అమెరికా ప్రమాణం 2011లో వచ్చింది. ఇళ్ల తరగతి యంత్రమైతే బయటికొచ్చే నీళ్లలో సగటున బీఓడీ (కుళ్లే మురికిని తినడానికి సూక్ష్మజీవులకి కావాల్సిన ఆక్సిజన్) లీటరుకి 10 మిల్లీగ్రాములు, తేలే మురికి మరో 10 మించకూడదు. మసక 5 ఎన్‌టీయూ (మసకని కొలిచే యూనిట్) లోపు ఉండాలి. ఈ.కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) 100 మిల్లీలీటర్లకి సగటున 14 దాటకూడదు. డ్రమ్ముకి జాలీ కట్టి ఆ అంకెలు అందుకోవడం జరగని పని. మీరు చేస్తున్నది ‘శుద్ధి’ అనుకోకండి, ‘వెంటనే వాడెయ్యడం’ అనుకోండి.

#13 ఇంజనీర్_బాబాయ్

ఆలస్యంగా వచ్చాను. మీరందరూ కంపు గురించి కంగారు పడుతున్నారు, నాకు కంపు భయం లేదు. కంపు కొడితే మీకే తెలుస్తుంది, పారబోస్తారు. నాకు భయం పైపులు కలవడం.

నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ దగ్గర లైడ్ష రైన్ అని ఒక కొత్త కాలనీ. అక్కడ ప్రతి ఇంటికీ రెండు గొట్టాలు వేశారు. ఒకటి మంచినీళ్లకి. రెండోది సగం శుద్ధి చేసిన నదీజలం, ఫ్లష్‌కీ బట్టలకీ. లెక్కప్రకారం బ్రహ్మాండమైన పథకం. 2001 చివర్లో ఒకచోట ఆ రెండు గొట్టాలూ కలిశాయి. జనం కుళాయిలో తాగుతున్నది రెండో గొట్టం నీళ్లని తెలిసేలోపు చాలామందికి వాంతులు, విరేచనాలు. ఆ తర్వాత 2003లో ఆ దేశ ప్రభుత్వం పెద్దఎత్తున ఇలాంటి జంట సరఫరా వద్దని ఆపేసింది. చదువుకున్న ఇంజనీర్లు, పర్యవేక్షణ, మ్యాపులు అన్నీ ఉన్నచోట జరిగిందిది. మన ఇంట్లో ఉన్న పర్యవేక్షణ ఏంటి? ఆదివారం మధ్యాహ్నం రెంచి పట్టుకున్న మనమే.

కాబట్టి నీటిచుక్కా, నీ డ్రమ్ములో నీళ్లు లేనప్పుడు ఫ్లష్‌కి నీళ్లెలా వస్తాయి? అది చెప్పు ముందు.

#14 నీటిచుక్క

బాబాయ్‌గారూ, మంచినీళ్ల పైపునీ డ్రమ్ము పైపునీ ఒక టీ (T ఆకారపు జాయింటు)తో కలిపి, మధ్యలో నాన్‌రిటర్న్ వాల్వు (నీళ్లని ఒకవైపే పోనిచ్చేది) పెడదామనుకున్నా. ఒకటి ఆపి ఇంకోటి తిప్పుకోవచ్చని.

#15 పైపులోడు

చూశారా బాబాయ్, మీరు అడిగింది మంచిదైంది.

ఆ వాల్వు లోపల ఒక చిన్న మూత, ఒక స్ప్రింగు. అంతే. ఒక వెంట్రుక అడ్డం పడితే మూత పూర్తిగా మూసుకోదు. మీ డ్రమ్ములో ఉండేవి వెంట్రుకలే! మంచినీళ్ల వైపు ఒత్తిడి పడిపోయిన రోజు, అంటే పై ట్యాంకు ఖాళీ అయిన రోజు, సబ్బునీళ్లు వెనక్కి వెళ్తాయి. మీరు మళ్లీ ట్యాంకు నింపి కుళాయి తిప్పి ముఖం కడుక్కుంటారు.

సరైన పద్ధతి గాలి సందు. మంచినీళ్ల పైపు డ్రమ్ముకి పైన ఆగిపోవాలి, నీళ్లు గాల్లోంచి లోపలికి పడాలి. పైపు చివరకీ, డ్రమ్ము ఓవర్‌ఫ్లో అంచుకీ మధ్య పైపు వ్యాసానికి రెండు రెట్లు ఖాళీ ఉండాలి, ఎంత తక్కువైనా 25 మిల్లీమీటర్లు. డ్రమ్ము పొంగినా పైపు మూతి తడవకూడదు. గాలికి స్ప్రింగు ఉండదు, పాడవదు.

రెండో పైపుకి రంగు వెయ్యండి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో తిరిగి వాడే నీళ్ల పైపులు ఊదా రంగులో ఉంటాయి. మీ తర్వాత వచ్చే ప్లంబర్ మీ మనసు చదవలేడు, రంగైతే చదవగలడు.

#16 అనుమానాల_రావు

ఇంత తలనొప్పి ఉన్నప్పుడు దేశాలకి దేశాలు ఎలా చేస్తున్నాయి మరి?

#17 ఇంజనీర్_బాబాయ్

రావూ, రకరకాలుగా చేస్తున్నారు. హాంకాంగ్‌లో 1950ల నుంచి సముద్రపు నీళ్లతో ఫ్లష్ చేస్తున్నారు. ఇప్పుడు జనాభాలో ఎక్కువ శాతానికి అదే. కానీ అది వాడిన నీళ్లు కాదు, దానికి ఊరంతా వేరే గొట్టాలు వేసుకున్నారు. ఉప్పు తట్టుకునే గొట్టాలు.

నాకు బాగా నచ్చింది జపాన్ వాళ్ల చిట్కా. ఫ్లష్ ట్యాంకు మూతే ఒక చిన్న వాష్‌బేసిన్. ఫ్లష్ నొక్కగానే ట్యాంకు నింపాల్సిన మంచినీళ్లు ముందు పైన కుళాయిలోంచి వస్తాయి. చేతులు కడుక్కుంటే ఆ నీళ్లే కిందికి దిగి వచ్చే ఫ్లష్‌కి సిద్ధంగా ఉంటాయి. మోటార్ లేదు, డ్రమ్ము లేదు, నిలవ ఉండేది ఒక్క ఫ్లష్ నీళ్లే. కుళాయి మూతి బేసిన్‌కి పైన ఉంటుంది కాబట్టి గాలి సందు దానంతట అదే వచ్చేసింది.

ఆదా అంటావా, చేతులు కడిగిన నీళ్ల మేరకే. స్నానం నీళ్లు అక్కరకు రావు.

#18 మూడో_అంతస్తు

ఈ మూత విడిగా దొరుకుతుందా? ఓనర్‌కి తెలియకుండా పెట్టి, ఖాళీ చేసేటప్పుడు తీసేసుకోవచ్చు కదా 😄

#19 పైపులోడు

దొరుకుతాయి, కానీ ట్యాంకు పైభాగం కొలత సరిపోవాలి. గోడలోపల దాచిన ఫ్లష్ ట్యాంకు అయితే కుదరదు. ఎత్తుగా ఉంటుంది కాబట్టి పిల్లలకి అందదు, కమోడ్ మీదుగా వంగి కడుక్కోవాలి.

నీటిచుక్కగారూ, మోటార్ గురించి అడగలేదు గానీ చెప్తా. కరెంటు పెద్ద లెక్క కాదు. పావు హార్స్‌పవర్ మోటారు రెండు, మూడు వందల వాట్లు తింటుంది, ఒక ఫ్లష్‌కి 20 సెకన్లు తిరిగితే ఒకటి, రెండు వాట్ అవర్లు. ఇబ్బంది ఏంటంటే రోజుకి ఇరవైసార్లు ఆన్, ఆఫ్. పైగా పీచు చుట్టుకుని రెక్క పట్టేస్తుంది. మీ బాత్రూమ్ పైన, టాయిలెట్ కింద అన్నారు. మోటార్ ఎందుకు? ఆ ఎత్తు తేడానే మోటారు పని చేస్తుంది. డ్రమ్ముని ఫ్లష్ ట్యాంకు కన్నా మీటరు పైన గోడకి స్టాండు వేసి పెట్టండి. నిండిన డ్రమ్ము వంద కిలోలు, ఆ బరువు చూసుకుని స్టాండు చేయించండి.

అయితే మామూలు బాల్‌కాక్‌ల (ఫ్లష్ ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే బంతి వాల్వు) లోపల సన్నటి రంధ్రం ఉంటుంది, అది ఎక్కువ ఒత్తిడి కోసం. మీటరు ఎత్తు నుంచి వచ్చే నీళ్లు దాంట్లోంచి చుక్కచుక్కగా దిగుతాయి, పీచు పడితే అదీ ఆగిపోతుంది. తక్కువ ఒత్తిడికి పనికొచ్చే పెద్ద రంధ్రం రకం అడిగి వేయించుకోండి.

#20 మోడరేటర్

చిన్న గమనిక: చాలాచోట్ల వాడిన నీళ్లు మొక్కలకి వదలడానికి ఒక నియమం, ఇంటి లోపలికి తిరిగి తేవడానికి వేరే కఠినమైన నియమం ఉంటాయి. పైపు కొయ్యకముందే మీ దగ్గర ఏముందో కనుక్కోండి.

#21 నీటిచుక్క (మూడు వారాల తర్వాత)

అనుమతి సంగతి కనుక్కుని మొదలుపెట్టా. ఇప్పటిదాకా జరిగింది ఇదీ.

80 లీటర్ల డ్రమ్ము, స్టాండు మీద. మోటార్ లేదు. మెషిన్ నీళ్లు కలపలేదు, స్నానం నీళ్లే ఎక్కువైపోతున్నాయి. పై నుంచి వచ్చే గొట్టానికి నైలాన్ మేజోడు లాంటి జాలీ కట్టా. రెండు రోజులకోసారి విప్పి కడగాలి. మొదటిసారి విప్పినప్పుడు లోపల ఎలక పిల్లంత వెంట్రుకల ఉండ ఉంది, మా ఆవిడ దాన్ని చూసి వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఓవర్‌ఫ్లో వంపు పైపుతో డ్రైనేజీలోకి.

మొదటి వారం అద్భుతం. రెండో వారంలో మూడు రోజులు ఊరెళ్లాం. వచ్చి తలుపు తీస్తే ల్యాబ్‌గారు చెప్పిన ఆ గుడ్డు కంపు. డ్రమ్ము లోపల గోడలకి పాచి, ఫ్లష్ ట్యాంకులో కూడా బూడిదరంగు పొర. అన్నీ తోమి కడిగేసరికి ఒక పూట పట్టింది. కడగడానికి ఎన్ని మంచినీళ్లు పోశానో చెప్పను.

ఇప్పుడు అడుగున ఉన్న కుళాయిని సన్నధారగా ఎప్పుడూ తెరిచే ఉంచుతున్నా. ఎవరూ వాడకపోయినా దాదాపు ఒక రోజులో డ్రమ్ము దానంతట అదే ఖాళీ అవుతుంది. తర్వాతి పొద్దున స్నానాలతో మళ్లీ నిండుతుంది. కంపు లేదు. సాయంత్రానికి నీళ్లు చాలకపోతే పైనుంచి మంచినీళ్ల కుళాయి, గాలి సందుతో. ఫోటో పెడుతున్నా.

#22 ల్యాబ్_కోటు

ఆ సన్నధార ఆలోచన బాగుంది. మరకల సంగతి ఏంటి?

#23 నీటిచుక్క

గిన్నెలో నీటిగీత దగ్గర బూడిద చార. వారానికి రెండుసార్లు బ్రష్ పడుతోంది, ఇంతకుముందు ఒకసారే. ఆ పని నాదేనని ముందే ఒప్పందం.

#24 అనుమానాల_రావు

సన్నధారలో పీచు అడ్డుపడితే? రాత్రి ఆగిపోయినా మీకు తెలీదు.

#25 నీటిచుక్క

నిజమే, ఇప్పటికే రెండుసార్లు ఆగింది. పొద్దున పళ్లు తోముకుంటూ చూస్తున్నా.

#26 పైపులోడు

ఫోటో పెద్దది చేసి చూశా. డ్రమ్ము బాగుంది, స్టాండు బాగుంది, గాలి సందు మూడు వేళ్లుంది, భేష్. కానీ ఫ్లష్ ట్యాంకు ఎడమవైపు ఆ పాత పైపు ఏంటి? టీ ఉంది, ఎర్ర పిడి వాల్వు ఉంది. మంచినీళ్ల లైనే కదా? ఇంకా కలిపే ఉంచారా?

#27 నీటిచుక్క

అది మూసే ఉందండీ. ఎప్పుడైనా డ్రమ్ము పాడైతే పనికొస్తుందని ఉంచా.

#28 ఇంజనీర్_బాబాయ్

మూసి ఉన్న వాల్వుని ఇంటికొచ్చిన చుట్టాల పిల్లాడు తిప్పడానికి ఎంతసేపు పడుతుంది నాయనా?

#29 పైపులోడు

ఈరోజే విప్పండి. టీ తీసేసి మంచినీళ్ల వైపు ప్లగ్ బిగించండి. డ్రమ్ము పాడైన రోజు బకెట్ ఉంది, ఎలా పొయ్యాలో బకెట్_బ్యాచ్‌గారు చెప్పారు.

#30 నీటిచుక్క

విప్పేశా. ప్లగ్ వేశా. పక్కనుంచి సన్నగా చెమరుస్తోంది, టేపు సరిగ్గా చుట్టినట్టు లేదు. మళ్లీ మెయిన్ కట్టేసి చుట్టి వస్తా.